తెలుపు పుట్టని మగ్గం

ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో హుసేనప్ప మగ్గం మీద పుట్టని రంగు ఒక్కటే. మిరపపండు రంగు పుట్టింది, నేరేడు రంగు పుట్టింది, చూస్తే కళ్ళు చల్లబడే చిలకాకుపచ్చ పుట్టింది. తెలుపు మాత్రం ఒక్కనాడూ పుట్టలేదు. కొత్త షావుకారు ఎవరైనా తెలియక వచ్చి తెల్లచీర అడిగితే వీధిలోవాళ్ళే దారిలో ఆపి, ఆ ఇల్లు కాదు నాయనా, ఇంకొంచెం ముందుకు పో అని పంపించేవాళ్ళు. హుసేనప్ప అరుగు మీద కూర్చుని ఇదంతా వింటూ బీడీ వెలిగించుకునేవాడు. విననట్టు నటించడంలో ఆయనను మించినవాడు ఆ వీధిలో లేడు.

అది ఆయన చేతకానితనం అనుకునేరు, కానే కాదు. తప్పంతా మగ్గం కింద గోతిలో వేలాడే సీసం గుండ్లది. జకార్డు మగ్గం చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పైన తిరిగే చిల్లుల అట్టలు ఏ దారం లేవాలో ఏది ఆగాలో చెబుతాయి. లేచిన దారం మళ్ళీ కిందికి దిగాలంటే దాన్ని లాగేందుకు అడుగున ఒక బరువు ఉండాలి. అట్లాంటి బరువులు వందల కొద్దీ కావాలి. అందరూ ఇనుప కడ్డీలు కట్టుకుంటారు. హుసేనప్ప తండ్రి సుబ్బన్నకు మాత్రం అందరూ చేసే పని ఏదీ నచ్చేది కాదు. గోతిలో ఎప్పుడూ తడి ఉంటుంది, ఆ తడికి ఇనుము తుప్పు పడుతుంది, కాబట్టి నాకు సీసమే కావాలన్నాడు. ఆదోని పాత సామాన్ల అంగళ్ళలో దొరికిన పైపులు, లారీ చక్రాలకు కొట్టే సీసం ముక్కలు బస్సు మీద వేసుకొచ్చాడు. పెరట్లో పొయ్యి పెట్టి కరిగించి, తానే చెక్కిన రాతి మూసలో పోశాడు. అప్పటికి మీసం కూడా సరిగ్గా రాని హుసేనప్ప పక్కన కూర్చుని పొయ్యి ఊదాడు.

ఆ గుండ్లు చిటికెనవేలంత ఉంటాయి. ఒక కొస మొనదేలి ఉంటుంది, ఇంకో కొసన దారం కట్టుకోవడానికి చిల్లు. అచ్చం తుపాకి తూటాలే. ఆ రోజుల్లో దేనికో ఇంటికి వచ్చిన పోలీసాయన వాటిని చూసి బెంబేలెత్తి, మగ్గం ఆడించి చూపించేదాకా సుబ్బన్న చెయ్యి వదల్లేదట. సుబ్బన్న బతికినన్నాళ్ళూ ఆ కథ చెప్పుకుని నవ్వాడు.

గుండ్లకు తుప్పు పట్టలేదు, ఆ మాట నిజమే. కానీ సీసం తన బుద్ధి తాను చూపించింది. నేస్తున్నంతసేపూ గుండ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. నల్లటి పొడి లేస్తుంది. అది కాళ్ళకు అంటుతుంది, పంచెకు అంటుతుంది, తెగిన తాడు ముడేసినప్పుడల్లా చేతికి, చేతి నుంచి బట్టకు అంటుతుంది. రంగు దారాల్లో అది అంతగా కనపడదు. అందుకే తండ్రీ కొడుకులు రంగు చీరలే నేశారు. హుసేనప్ప అరచేతుల గీతల్లో ఆ నలుపు ఎప్పుడో ఇంకిపోయింది. సబ్బుతో తోమాడు, సున్నిపిండితో తోమాడు, కుంకుడుకాయ రసంతో తోమాడు, పోలేదు. కొన్నాళ్ళకు అది ఒంటి రంగే అనుకుని వదిలేశాడు.

ఆ చేతుల గురించి ఒక సంగతి మాత్రం ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. కృపమ్మ అని ఒకామె, పొలాల్లో పత్తి తీసే కాలం పోగా మిగిలిన రోజుల్లో ఈ ఇంట్లో దారం కండెలు చుట్టడానికి వచ్చేది. ఆమె కూతురు రూత్ రాట్నం పక్కనే పాకింది, రాట్నం పక్కనే నడక నేర్చింది. ఒక క్రిస్మస్ నాడు ఆ పిల్ల తెల్లగౌను వేసుకుని, చేతిలో కేకు ముక్క పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి, ఎత్తుకో తాతా అని చేతులు చాచింది. హుసేనప్ప రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. గౌను పాడైతాది, పో పాపా అన్నాడు. పిల్ల బిక్కమొహం వేసుకుని వెనక్కి తిరిగిపోయింది. ఆయనకు పిల్లలు లేరు. ఆ రోజు అన్నం సహించలేదని ఆయన భార్య ఈరమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ రూత్ ఇప్పుడు ఆదోనిలో నర్సు. ఈ వేసవిలో పెళ్ళి కుదిరింది. చర్చిలో పెళ్ళి ప్రకటనలు మొదలైన వారంలో తల్లిని వెంటబెట్టుకుని, సంచిలో తన జీతంతో కొన్న తెల్లపట్టు దారం పెట్టుకుని వచ్చింది. వచ్చి, ఊరికే కూర్చోకుండా, మగ్గం దగ్గరికి పోయి నిలబడింది.

"పెండ్లికి తెల్లచీర కట్టుకోవల్ల తాతా. నువ్వే నెయ్యాల. వేరే ఎవరు నేసిచ్చినా నేను కట్టను."

కృపమ్మ నాలుక కరుచుకుంది. ఆ మగ్గం సంగతి ఆమెకు తెలియనిదా. హుసేనప్ప ఏదో చెప్పి తప్పించుకుంటాడని ఈరమ్మ ఎదురు చూసింది. ఆయన పిల్ల ముఖం చూశాడు. నోరు జారింది.

"నేస్తా" అన్నాడు.

వాళ్ళు పోయాక ఈరమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే ఆ రోజు కొంప మునిగినట్టే. హుసేనప్ప గోతిలోకి దిగి గుండ్లన్నీ తడిగుడ్డతో తుడిచాడు. పట్టు పొదుపుగా వాడుకోవాలని ముందు కొంచెం తెల్లనూలు ఎక్కించి, చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని నేశాడు. ఆ సంచులతో అడ్డదారం పోసే నాడె పట్టుకుంటే జారి కాళ్ళ మీద పడింది. కిందా మీదా పడి జానెడు గుడ్డ నేసేసరికి అది తెలుపు కాదు, పొయ్యిలో బూడిద రంగులో ఉంది. తుడిచిన గుండ్లు మళ్ళీ రాసుకుంటే కొత్త సీసం బయటపడుతుంది, కొత్త నలుపు లేస్తుంది. కడిగేకొద్దీ పుట్టే మురికి అది. హుసేనప్ప ఆ గుడ్డను మడిచి దిండు కింద దాచుకున్నాడు, ఈరమ్మ దాన్ని తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టింది.

ఎదురింటి దేవేంద్రప్ప మంచివాడే, సాయం చెయ్యడానికే వచ్చాడు. ఇనుప కడ్డీల మగ్గం నాది, తెలుపు నాకు లెక్కలోది కాదు, పట్టు ఇటివ్వు, నేసిస్తాను, నువ్వే నేశావని చెప్పుకో, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. హుసేనప్ప ముందు కస్సుమన్నాడు. తర్వాత ఆలోచించాడు. పెళ్ళి దగ్గర పడుతోంది. పిల్ల ఈ చీర తప్ప ఇంకోటి కట్టనంది. అబద్ధం ఆడితే చీర ఉంటుంది, నిజం చెబితే చీర ఉండదు. ఒక పొద్దున పట్టు మూట చంకలో పెట్టుకుని, ఎదురింటి గుమ్మం వైపు, దొంగతనానికి పోతున్నవాడిలా బయలుదేరాడు.

సరిగ్గా వీధి మధ్యలో రూత్ ఎదురుపడింది. పక్కన పొడుగాటి, సన్నటి కుర్రవాడు. పేరు రవికుమార్, పెళ్ళికొడుకు. హుసేనప్ప చంకలో మూట చూసి రూత్ యాడికి పోతాండావు తాతా అంది. యాడికీ లేదమ్మా, పట్టు ఎండకు పెడదామని అన్నాడు. వెంటనే ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

ఇంట్లోకి వచ్చి కూర్చున్నాక హుసేనప్ప పిల్లవాణ్ణి ఎగాదిగా చూశాడు. ఆదోనిలో మార్కెట్ యార్డు దగ్గర ఒక షెడ్డులో గేట్లకు, కిటికీ ఊచలకు, మంచాలకు పౌడర్ కోటింగ్ వేసే పని అతనిది. అంటే బ్రష్షుతో వేసే రంగు కాదు. పొడి రంగును కరెంటు తుపాకితో చిమ్మి, పెద్ద పొయ్యిలో కాల్చి కరిగిస్తారు. మాట తక్కువ, కళ్ళు కిందికి. ఏం మనిషో అనుకుంటూ హుసేనప్ప అతని చేతులు చూశాడు. గోళ్ళ కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కో వేలికి ఒక్కో గేటు రంగు. తనలాగే పని అంటిన చేతులు. అప్పుడు కొంచెం మనసు కుదుటపడి, ఈరమ్మను టీ పెట్టమన్నాడు.

టీ తాగుతూ ఉండగా ఆయన ఇంక దాచలేకపోయాడు. దిండు కింది గుడ్డ తెచ్చి రూత్ ఒళ్ళో వేశాడు. నా వల్ల కాలేదమ్మా అన్నాడు. రూత్ ఆ బూడిద గుడ్డ కన్నా ఎక్కువసేపు ఆయన చేతులు చూసింది. ఈ సీసం ఒంట్లోకి పోతే మంచిది కాదు తాతా, చీర మాట తర్వాత అంది. రవికుమార్ మాత్రం లేచి, అడక్కుండానే గోతిలోకి వంగి, ఒక గుండు పట్టుకుని చూసి, ఫోన్ తీశాడు.

ఫోన్‌లోని వీడియోలో ఏదో దేశపు గడ్డం ఉన్న పెద్దాయన ఒకడు తుపాకి గుండ్లు ఇంట్లో పోసుకుంటున్నాడు, అచ్చం సుబ్బన్న పోసినట్టే. వాటిని ప్లాస్టిక్ డబ్బాలో వేశాడు, చెంచాడు రంగుపొడి వేశాడు, మూత పెట్టి ఊపాడు. తీస్తే ప్రతి గుండూ రంగు తొడుక్కుని ఉంది. పొయ్యిలో పెట్టి తీస్తే గాజులా మెరిసింది. తుపాకి గొట్టానికి సీసం అంటకుండా ఉండడానికట అది. మొత్తం చూసి ఈరమ్మ బుగ్గన వేలేసుకుంది.

"పెండ్లి చీరకు తుపాకి గుండ్ల ఇద్య ఏందప్పా" అంది.

హుసేనప్ప ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశాడు. జిగురు లేదు, నీళ్ళు లేవు, కరెంటు తుపాకి కూడా లేదు. ఊరికే ఊపితే పొడి పోయి సీసాన్ని ఎందుకు పట్టుకుంటుంది? మోసం అనుకున్నాడు. గుండ్లు ఆదోనికి పట్టుకుపోయి షెడ్డులో వేసుకొస్తానని రవికుమార్ అంటే, మా నాయన పోసినవి గడప దాటవు అని తెగేసి చెప్పాడు. పోనీలే అని ఒప్పుకున్న మాట ఒక్కటే, చేస్తే ఈ ఇంట్లో చెయ్యి.

ఆ పిల్లవాడు చేశాడు. సెలవు రోజున ఆటోలో, మూసేసిన బేకరీలో తుక్కు కింద పడి ఉన్న పాత కరెంటు పొయ్యి వేసుకొచ్చాడు. దీంట్లో ఇంక జన్మలో రొట్టె కాల్చకూడదని రూత్ దాని మీద ఎర్రరంగుతో గుర్తు కూడా వేసింది. షెడ్డు యజమానిని అడిగి తెచ్చుకున్న నీలం పొడి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలు, డబ్బాలో గుండ్లతో కలిపి ఊపడానికి జాతరలో పిల్లల తుపాకులకు అమ్మే చిన్న ప్లాస్టిక్ గుండ్లు, అందరి ముక్కులకూ మాస్కులు. ఏర్పాట్లు చూసి హుసేనప్ప లోపల మెచ్చుకున్నాడు, బయటికి మాత్రం గొణిగాడు.

మగ్గం విప్పాలి. ఆ మాట అన్నంత తేలిక కాదు. తండ్రి చేత్తో కట్టిన కట్టు అది. హుసేనప్ప మొదటి గుండు ముడి విప్పాడు. ఇంక వెనక్కి లేదు. ఇది కుదరకపోతే తెలుపు సరే, ఎరుపు కూడా ఇప్పట్లో నెయ్యలేడు. పెళ్ళినాటికి పిల్ల చేతిలో పెట్టడానికి ఏమీ ఉండదు. వందల గుండ్లను ఈరమ్మ, కృపమ్మ సబ్బునీళ్ళలో కడిగి మిద్దె మీద ఆరబోశారు.

ఇక్కడే హుసేనప్ప తన పెద్దరికం చూపించాడు. మగ్గానికి సంబంధించిన ఏ పనైనా మగ్గం ముందే మొదలుపెట్టాలని ఆ ఇంటి ఆనవాయితీ. మొదలుపెట్టే ముందు గోతిలో నీళ్ళు చల్లాలి. కిటికీలకు గోనెపట్టలు తడిపి కట్టాలి. ఎండగాలి తగిలితే పట్టు దారం తెగుతుంది కదా, అందుకని వచ్చిన అలవాటు, అలవాటు కాస్తా భక్తి అయింది. ఆ రోజు పెద్ద పని కాబట్టి భక్తి కూడా పెద్దగా చూపించాడు. బిందెలకు బిందెలు చల్లాడు. గోనెపట్టలు నీళ్ళు కారుతున్నాయి. లోపలికి అడుగు పెడితే నూతిలోకి దిగినట్టు ఉంది. ఊదుబత్తి వెలిగించి, ఇంక కానియ్యి అబ్బీ అన్నాడు.

రవికుమార్ డబ్బాలో గుండ్లు వేసి, పొడి వేసి, మూత పెట్టి ఊపాడు. భుజాలు నొప్పి పుట్టేలా ఊపాడు. మూత తీశాడు. గుండ్లు సీసం రంగులోనే ఉన్నాయి. పొడి అడుగున తడి పిండిలా ఉండకట్టింది. మళ్ళీ ఊపాడు. పొడి ఎక్కువ వేశాడు, తక్కువ వేశాడు, వేరే డబ్బా మార్చాడు. పట్టకారుతో ఒక గుండు ఎత్తితే ఉన్న కాస్త నీలం కూడా జలజల రాలిపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. షెడ్డులో వేరే సీసం ముక్క వేసి ఊపి చూశానప్పా, ఆడ బాగా పట్టింది అన్నాడు. కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళికాకముందే అల్లుడి పరువు పోయిందని ఆమె బాధ. రూత్ విప్పి పడేసిన మగ్గం వైపు చూసింది.

హుసేనప్పకు ఎవరి మీద కోపమో తెలియని కోపం వచ్చింది. అక్కడ ఉంటే ఏదో ఒక మాట అంటాడు, అంటే వెనక్కి తీసుకోలేడు. మెట్లెక్కి మిద్దె మీదికి పోయాడు.

నడిమధ్యాహ్నం ఎండ. పడమటి గాలి బొగ్గుల మీద నుంచి వచ్చినట్టు వీస్తోంది. ఆ ఎండలో దండెం మీద రూత్ తెచ్చిన తెల్లపట్టు వేలాడుతోంది. ఆ రోజు వీధిలో ఆడిన అబద్ధాన్ని నిజం చెయ్యడానికి హుసేనప్పే దాన్ని తెచ్చి ఆరేశాడు. గాలికి చిక్కుపడుతుందేమోనని దాన్ని సర్దడానికి చెయ్యి చాచాడు. చెయ్యి ఇంకా తగలనే లేదు. దారాలు విచ్చుకుని, ఒక్కొక్కటీ లేచి, గాలిలో నిలబడి, ఆయన వేళ్ళ వైపు వంగాయి. చెయ్యి ఇటు జరిపితే ఇటు, అటు జరిపితే అటు. ఆయనకు ఇది కొత్త కాదు. ఎండాకాలంలో పట్టు చేసే అల్లరే ఇది. పడుగు దారాలు ఒకదానికొకటి అంటుకుని, చేతికి అంటుకుని, ప్రాణం తీస్తాయి. దీన్ని చంపడానికే కదా తాను జీవితమంతా నీళ్ళు చల్లింది.

చల్లింది నీళ్ళు. హుసేనప్ప చెయ్యి అట్లాగే గాలిలో ఆగిపోయింది. మెట్ల మీద నుంచే కేక వేశాడు.

"అబ్బీ రవీ, ఆ పొడి గుండుకు అంటుకునేది దేనివల్ల?"

"ఊపితే డబ్బాలో పుట్టే కరెంటు అప్పా."

"ఆ కరెంటు తడిలో బతుకుతాదా?"

రవికుమార్ కారుతున్న గోనెపట్టల వైపు చూశాడు, గోతిలో నీళ్ళు చూశాడు, మెట్ల మీద నిలబడ్డ ముసలాయన్ను చూశాడు. డబ్బాలు, గుండ్లు, పొడి ఎత్తుకుని రెండేసి మెట్లు దాటుకుంటూ మిద్దె ఎక్కాడు. వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఏం జరుగుతోందో చూద్దామని దేవేంద్రప్ప.

కొత్త డబ్బా ఎండలో పెట్టి ఎండబెట్టారు. మిగిలిన పొడి పొట్లం విప్పారు. ఈసారి డబ్బా హుసేనప్పే తీసుకున్నాడు. తండ్రి పోసిన గుండ్లు, ఊపితే తానే ఊపుతాడు. మొదట గలగలమని చప్పుడు వచ్చింది. కాసేపటికి ఆ చప్పుడు మారింది. మెత్తబడింది, లోపల గుండ్లకు ఎవరో దుప్పటి కప్పినట్టు. ఆయన చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆపి, మూత తీశాడు.

డబ్బాలో సీసం లేదు. ఉన్నదంతా నీలం. మొన నుంచి చిల్లుదాకా, ప్రతి గుండూ ఒక్క చుక్క ఖాళీ లేకుండా నీలం తొడుక్కుని కూర్చుంది. రవికుమార్ పట్టకారుతో ఒకటి ఎత్తి, పొయ్యిలో పెట్టే ఇనుప వల మీద నిలబెట్టాడు. పొడి రాలలేదు. గాలి వీచింది, అయినా రాలలేదు. ఈరమ్మ ఒక అడుగు వెనక్కి వేసి దండం పెట్టుకుంది. ఏ దేవుడికని అడిగితే తర్వాత ఆమె చెప్పలేకపోయింది.

ఇన్నాళ్ళూ తన పట్టు దారాన్ని ఏడిపించినది ఇదేనా? హుసేనప్ప ఆ గుండ్లను చూస్తూ నిలబడ్డాడు. గాలిలో ఉంది, చేతిలో ఉంది, దారంలో ఉంది, కంటికి కనపడదు. పుట్టిన దగ్గర నుంచి దాని పక్కనే బతికాడు. శత్రువని నీళ్ళు చల్లి తరిమాడు. అది ఎంత పని చెయ్యగలదో ఈ రోజుదాకా అడగలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎండ ఎక్కువగా ఉందని చెప్పి తుడుచుకున్నాడు.

పొయ్యిలో పెట్టినప్పుడు ఇంకో వింత జరిగింది. పొయ్యి తలుపు అద్దంలోంచి చూస్తుంటే మొదట గుండ్లు పిండి అద్దుకున్నట్టు మసకగా ఉన్నాయి. ఉన్నట్టుండి ఒక మూల నుంచి తడి మెరుపు మొదలైంది. అది పాకుతూ పోయి, పిండి కాస్తా నీరై, నీరు కాస్తా గాజై, వల మీది గుండ్లన్నీ తళతళలాడాయి. సీసం కూడా కరిగిపోతుందేమోనని హుసేనప్ప కంగారుపడ్డాడు. సీసం కరగాలంటే ఇంకా చాలా వేడి కావాలని, అంతదాకా పోనివ్వనని రవికుమార్ చెప్పాడు.

చల్లారాక హుసేనప్ప ఒక గుండు తీసుకుని తన పంచె అంచుకు కసితీరా రుద్దాడు. పంచె తెల్లగానే ఉంది. అయినా నమ్మకం కలగలేదు. సుత్తి తెమ్మన్నాడు. రాయి మీద పెట్టి ఒక్కటిచ్చాడు. తండ్రి పోసిన గుండు బిళ్ళలా అణిగిపోయింది. నీలం మాత్రం చీలలేదు, పగలలేదు, సీసంతో పాటు తానూ పరుచుకుంది. దేవేంద్రప్ప ఆ బిళ్ళను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, నా కడ్డీలకు కూడా వేసిస్తావా అబ్బీ అని మెల్లగా అడిగాడు. అప్పుడు కృపమ్మ మొదటిసారి నవ్వింది.

పొద్దు వాలేదాకా ఊపారు, కాల్చారు, ఆరబెట్టారు. ఆ తర్వాత పని హుసేనప్పది. తాడు తాడుకూ గుండు కట్టాడు. నడుము పట్టేసింది, ఈరమ్మ రాస్తానన్న మందు కూడా వద్దన్నాడు. అంతా కట్టి తొక్కుడు చెక్క మీద కాలు వేసినప్పుడు ఇంకో ఆశ్చర్యం. ఆ మగ్గానికి ఉన్న దడదడ చప్పుడు పోయింది. గుండ్లు ఒకదాన్నొకటి తాకుతున్నాయి, మెత్తగా, గుసగుసలాడినట్టు. గోతిలోకి వంగి చూస్తే నీలం గుండ్లన్నీ కలిసి లేస్తున్నాయి, కలిసి దిగుతున్నాయి. పట్టు కోసం గోనెపట్టలు మళ్ళీ తడిపి కట్టాడు. ఒకసారి కాలిన పొడిని తడి ఏమీ చెయ్యలేదు. పొడి కోసం ఎండ, పట్టు కోసం తడి, దేని కాలం దానిది అని ఈరమ్మతో చెప్పి మళ్ళీ నేతలో పడ్డాడు.

తెలుపు పుట్టింది. వేలెడు, జానెడు, మూరెడు. మొదటి మూర చూసి ఆయన నాడె పక్కన పెట్టి ఊరికే కూర్చుండిపోయాడు. జరీ లేని మల్లెమొగ్గల బుటా, తెలుపు మీద తెలుపు, పక్కనుంచి వెలుగు పడితేనే కనపడుతుంది. వీధిలోవాళ్ళు చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చి చూసి పోయారు. కొత్త షావుకారు ఎవరైనా తెల్లచీర అడిగితే ఇంకొంచెం ముందుకు పో అని పంపే పని వాళ్ళకు ఇంక లేదు.

పెళ్ళి ముందు రోజు పొద్దున రూత్ చీర కోసం వచ్చింది. కొత్త చాప మీద, కడిగిన దుప్పటి పరిచి, దాని మీద చీర పెట్టి ఉంచారు. హుసేనప్ప దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ అది పని. ఇప్పుడు అది పిల్ల పెళ్ళి చీర. రెండు చేతులూ వాటంతట అవే వెనక్కి పోయి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"నువ్వే ఎత్తుకో పాపా, నేను ముట్టుకోను" అన్నాడు.

రూత్ చీర వైపు పోలేదు. ఆయన దగ్గరికి వచ్చి, ఆ కట్టుకున్న చేతులు విడదీసి ముందుకు లాగింది. అరచేతులు వెలుగులోకి తిప్పి పట్టుకుంది.

"సూసుకున్యావా తాతా?" అంది.

ఆయన చూసుకోలేదు. ఇన్ని రోజులుగా చీర మీద ఒక్క మచ్చ పడుతుందేమోనని చీరనే చూశాడు కానీ చేతులు చూసుకోలేదు. ఇప్పుడు చూశాడు. కొత్త నలుపు అంటకపోయేసరికి పాతది మెల్లగా వదిలిపోయి గీతలు కనపడుతున్నాయి. ఎప్పుడో చిన్నప్పుడు పొయ్యి ఊదక ముందు చూసిన గీతలు, లేత గోధుమరంగు చర్మం మీద సన్నగా, కొన్ని పొడుగ్గా, కొన్ని విరిగిపోయి. సీసం పోయిన చోట ఎవరివో తెలియని ముసలి చేతులు ఉన్నాయి. అవి తనవేనని నమ్మడానికి ఆయన వేళ్ళు ముడిచి, విప్పి చూశాడు. ఈరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది, ఆమె కూడా ఈ చేతులను ఎప్పుడూ చూడలేదు.

రూత్ చీర తెచ్చి ఆ చేతుల్లో పెట్టింది. నువ్వే ఇయ్యాల అంది, తలవంచి కొంగు చాచింది. హుసేనప్ప చీర పట్టుకున్నాడు. ఒక చెయ్యి తీసి పిల్ల తల మీద పెట్టాడు, చాలాసేపు ఉంచాడు. ఆ తర్వాత చీర ఆమె కొంగులో వేస్తూ, పాత అలవాటు కొద్దీ, తన బొటనవేలు ఆనిన చోట వంగి చూశాడు.

అక్కడ చీర తెల్లగా ఉంది.